ఎర్ర చుక్కలో తూము మూసిన దొర

"తూము మూసినోన్ని పట్టుకోని వీరుడంటారా! థూ! వాడు దొంగ! ముమ్మాటికీ దొంగ!"

అదీ పాపా కేక. "పెదనాయనా, దస్తగిరి తాత ఒగసారి నడిబజార్లో అరిచినాడంట గదా, ఎందుకు?" అని అడిగితివే, ఆ కేకే అది. నేను పొద్దున్నే ఇంటిముందర ఎద్దులకు కుడితి పెడ్తాండా. చేతిలో చెంబు జారి కింద పడిపాయ. ఎందుకంటావా, దస్తగిరి మామ అరిచే మనిషి కాదు. ఏడాదిగా ఆయప్ప గొంతు మా ఊర్లో ఎవురూ వినల్యా. తల వంచుకోని వచ్చేది, తల వంచుకోని పొయ్యేది. అట్టాంటి మనిషి నడిబజార్లో ఉండే అయివారి అరుగుముందర నిలబడి, పైగుడ్డ తీసి నేలకేసి కొట్టి అరుస్తాండాడు. అదీ దేనికనుకున్నావ్? సినిమా బొమ్మకు!

నవ్వొద్దు. నీకు నవ్వుగానే ఉంటాది. ఆ పొద్దు ఎవురూ నవ్వల్యా.

ముందు ఆ కథ మా ఊరికి ఎట్టొచ్చెనో చెప్పాల. మా అయివారు, అంటే బళ్లో పాఠం చెప్పే అయివారు, నాకూ అయిదో తరగతి దాకా చెప్పింది ఆయనే, ఆయనకు ఇంగ్లీషు నవలల పిచ్చి. నంద్యాల రైలు టేషన్ కాడ కొనుక్కొచ్చేవాడు. ముతక కాగితం, అట్టమీద భయంకరమైన రంగుబొమ్మ. మూడణాలో నాలుగణాలో. అప్పట్లో నాలుగణాలంటే మాటలా? మా చిన్నమ్మ పెండ్లికి రవికెగుడ్డ... సరే, ఆ సంగతి మళ్ల చెప్తా. అట్ట కొన్న ఒక కథ మూడు భాగాలు, మూడు పుస్తకాలు. సాయంత్రం అరుగుమీద కూచోని అయివారు తెలుగులో చెప్తాంటే ఊరంతా నోరు తెరుచుకోని వినేది.

కథేందంటే, ఒక దొర ఇనప గుడ్డులో కూచోని ఆకాశంలోకి ఎగిరిపోతాడు. పొయ్యి ఎర్ర చుక్క మీద దిగుతాడు. అదే, అంగారకుడు. ఆడ వాన ల్యా, చెట్టు ల్యా, అంతా ఎర్రమన్ను, బండలు. మా ఓబులేసు మామ, మా అమ్మకు సొంత తమ్ముడు, ఎగతాళి మనిషి, "దానికి అంత దూరం పోవల్లనా అయివారూ, కోయిలకుంట్ల దాటితే సాలదా?" అన్న్యాడు. ఆ చుక్కమీద ఒకటే కాలవ. పైన రాజు ఊరు, కింద బీదోళ్ల ఊరు. కింది ఊరికి నీళ్లు రావు. దొర పొయ్యి తూము తెరిచి కింది ఊరికి నీళ్లిస్తాడు. అది విని మా ఊర్లో ఆడోళ్లు కండ్లు తుడుచుకున్న్యారు పాపా, నిజంగా. చెరువుకింద బతికేటోళ్లం, నీళ్ల కథంటే మా కథే గదా.

ఆ కథనే సినిమా తీసినారని, కోయిలకుంట్లలో డేరా వేసినారని తెలిసె. నాలుగు బండ్లు కట్టుకోని పోతిమి. నేలకు ఒక అణా. మూగ బొమ్మలు అవి. తెరపక్కన ఒకాయన బెత్తం పట్టుకోని "ఇదిగో దొర, ఇదిగో రాజు బిడ్డ" అని చెప్తాంటాడు, ఇంగొకాయన హార్మనీ వాయిస్తాంటాడు. ఇనప గుడ్డు ఎగిరినప్పుడు మా అమ్మ నా చేయి పట్టుకోని గోళ్లు దించింది. అంతా బాగుండాది, శానా బాగుండాది. కడకొచ్చేసరికి ఏమాయనంటావ్? దొర తూము తెరవల్యా. మూసినాడు! రాజు బిడ్డమీద మనసుపడి, రాజు పక్షాన చేరి, బండి చక్రమంత ఇనప చక్రం తిప్పి తూము మూసేసినాడు. కింది ఊరోళ్లు నాలుకలు బయటపెట్టి పడిపోతాండారు. పిల్లోళ్లు, ముసిలోళ్లు. కడకు కాళ్లమీద పడినారు. దొరకు రాజు బిడ్డకు పెండ్లి. హార్మనీ ఆయన పెండ్లి పాట వాయిస్తాండాడు. కోయిలకుంట్లోళ్లు చప్పట్లు కొడ్తాండారు. మా ఊరోళ్లు ఒక్కరు కొట్టల్యా. 

తెల్లారినాక దస్తగిరి మామ కేక.

ఆయప్పకే ఎందుకంత మంట అంటే, ఆయప్ప మా ఊరి నీరుగంటి. అంటే ఇంతకుముందు నీరుగంటి. చెరువు నీళ్లు ఎవురి వంతు ఎవురికి ఎంతసేపని మడవలు, అంటే కాలవనుంచి మళ్లకు నీళ్లు పారే గండ్లు, తిప్పేవాడు. వాళ్ల నాయన, వాళ్ల జేజినాయన అదే పని. ముందు ఏడు చెరువు సగమే నిండె. కాలవకు కొసనుండే కడా కయ్యలు, అంటే కడా మళ్లు, మా ఓబులేసు మామవి. ఆయన వంతునాడు నీళ్లు రాల్యా. పొట్టకొచ్చిన వరి నిలువునా ఎండిపాయ. "నీరుగంటి ఎవురికో అమ్ముకున్న్యాడు" అన్న్యారు. దస్తగిరి మామ ఖురాను మీద ప్రమాణం చేస్తానన్న్యా వినల్యా. ఓబులేసు మామే ఆయప్ప చేతిలో పార పెరికేసె. ఊర్లో దండోరా వేసి మరీ తీసేసిరి. కల్లాల్లో ఆయప్పకు కొలిచే గింజలు ఆగిపాయ. కూలికి పోవాల్సొచ్చె. దొంగ అనే పేరు మాత్రం ఇంటికాడే కూచునె.

అది మనసులో పెట్టుకోని విను ఇప్పుడు.

అరుగుముందర ఊరంతా చేరె. మా నాయన కూడా వచ్చె, వేపపుల్ల నోట్లో పెట్టుకోని. మా నాయనకు ఒక గుణముండేది, వాదంలో ఓడిపోవడం చేతగాదు. కాకి తెల్లగుంటాదని పట్టుకున్న్యాడంటే సాయంత్రానికి కాకే ఒప్పుకోవాల.

"ఏమప్పా అయివారూ," అన్న్యాడు ఓబులేసు మామ, "సినిమావోళ్లు నీ కథను నాశనం చేసినారు. ఇంగ్లీషులో ఒక జాబు రాసి పడెయ్."

అయివారు కండ్లద్దాలు తీసినాడు, తుడిచినాడు, పెట్టుకున్న్యాడు, మళ్ల తీసినాడు. "రాసే పని ల్యా," అన్న్యాడు. "పుస్తకంలో కూడా దొర తూము మూస్తాడు. తెరిపించింది నేనే."

 పుస్తకం అంటే మాకు పంచాంగమంత నిజం. దాన్ని అయివారు మారుస్తాడా!

"ముందేడు ఆ గొడవ జరిగుండె," అన్న్యాడాయన. "ఈ ఊర్లో కూచోని, నీళ్లాపినోడు వీరుడని యా నోటితో చెప్పేది నేను?"

"మంచి పని చేసినారు సామీ," అని దస్తగిరి మామ నేలమీద పైగుడ్డ తీసుకోని దులిపినాడు. దాంతో అయిపోవాల్సింది. కానీ మా నాయన ఉండాడు గదా.

"అదేందప్పా అట్టంటారు," అన్న్యాడు మా నాయన. "యుద్ధంలో అదొక ఉపాయం. ఒక పొద్దు నీళ్లాపితే ఊర్లు చస్తాయా?"

"అది కాదు బావా, అసలు సంగతి చూడు," అన్న్యాడు ఓబులేసు మామ. "అంతా అబద్ధం. అంత పారుదల ఒక్కడు ఆపగలడా? పదిమంది కావాల. రాళ్లు దొర్లించల్ల, కట్ట పొయ్యల్ల. నీళ్లు గోలగోల చేస్తాయి, ఊరంతా లేస్తాది. ఒక్కడే, చప్పుడు ల్యాకుండా, మూసినాడంట! బొమ్మలు చూపించి మన చెవుల్లో పూలు పెడ్తాండారు."

"ఎందుకు ఆపలేడు?" అన్న్యాడు మా నాయన.

"ఆపలేడు బావా."

"ఆపతాడు."

"యాడన్నా చూసినావా?"

"చూసేదేంది! రాళ్లెందుకు రా పిచ్చోడా? రాళ్లేస్తేనే చప్పుడు. ఈతచాప నిలువుగా మడిచి మడవకు అడ్డం పెట్టు. పైన బంకమన్ను ఏసి కాళ్లతో తొక్కు. సన్నగా కూడా కారదు, పిల్లికి కూడా ఇనపడదు. తెల్లారకముందే చాప లాగేస్తే ఆనవాలుండదు. నేను ఒక్కణ్నే..."

ఆడ ఆగిపోయినాడు.

వేపపుల్ల నోట్లోంచి జారి కింద పడిపాయ. ఊరు ఊరంతా మా నాయన మొగం చూస్తాండాది. నేను చూడలేకపోయినా.  మా నాయనే! ఏడాదిగా ఒక మనిషి మెడ వంచుకోని తిరుగుతాంటే, ఆ మనిషినే మా చేనికి కూలికి రమ్మని చెప్పి పంపిన మా నాయన!

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు. మా అమ్మ. నీళ్లబిందె చంకలో పెట్టుకోని నిలబడుండాది.

"నా కొత్త ఈతచాప!" అనె. "చాకలామె ఎత్తకపోయెనని దానిచేత ఒట్టు పెట్టిస్తినే! దాన్ని అనరాని మాటలంటినే నా నోటితో! నీ మడవలోనా తొక్కింది నువ్వు?"

ఇంగో పొద్దయితే నవ్వుండేటోళ్లు.

దస్తగిరి మామ దగ్గరికొచ్చె. కొడ్తాడేమో అనుకున్న్యా. కొట్టల్యా. "అన్నా, ఆ పొద్దు మూడుసార్లు మడవకాడికొచ్చినా," అన్న్యాడు. "చీకట్లో చెవి పెట్టి ఇన్న్యా. రాళ్లు అడ్డమేస్తే నీళ్లు గునిసే చప్పుడు ల్యా. అడ్డం ల్యా, పారతాండాయిలే అనుకోని పోయినా. ఏడాదిగా నా చెవులనే తిట్టుకుంటాండా."

మా నాయన రుమాలు తీసి చేతిలో పట్టుకున్న్యాడు. "నా రెండు మళ్లు ఎండిపోతాండె దస్తగిరీ. ఒక్క తడి అనుకున్న్యా. పొద్దున్నే చెప్దామనుకున్న్యా. అప్పటికే నీ పేరు వచ్చేసె. మళ్ల నోరు రాల్యా."

ఓబులేసు మామ ఇంటికి పరిగెత్తి, ముందేడు పెరికిన ఆ పార ఎత్తుకొచ్చి, దస్తగిరి మామ ముందర పెట్టె. "తీసుకో అన్నా. ఈ పొద్దునుంచి నువ్వే తిప్పు." దాన్ని ముట్టుకోల్యా ఆయప్ప. ఏమన్న్యాడో తెలుసునా?

"పార చాటుగా తీసుకున్న్యారా? దండోరా వేసి తీసుకున్న్యారు. నా పేరు యీధియీధిలో చెప్పినారు. అట్టనే ఇయ్యండి."

 ఊర్లో మా నాయన మాటంటే మాట, ఆయనను ఎవురు చెప్పమంటారు?  మా నాయనే తలారిని పిలిపించినాడు. రుమాలు మళ్ల తలకు కట్టుకోల్యా. తలారి తప్పెట కొడ్తాంటే, వాని వెనక ఒట్టి తలతో మా నాయన. ప్రతి సందు మొగదల నిలబడి, తలారి కాదు, మా నాయనే చెప్తాడు: "ముందేడు మడవ మూసింది నేను. దస్తగిరి దొంగ కాదు." మొదటి సందులో గొంతు రాల్యా. దస్తగిరి మామ వెనకనుంచి, "అన్నా, ఇనపల్యా" అన్న్యాడు. ఎంత మెత్తగా అన్న్యాడో! మళ్ల చెప్పినాడు, గట్టిగా. ఎనిమిది సందులు మా ఊర్లో. కడా సందు చాకలోళ్లది. ఆడ మా అమ్మ కూడా వచ్చి నిలబడె. "చాప సంగతి కూడా చెప్పు," అనె. అదీ చెప్పినాడు. మా అమ్మ లోపలికి పొయ్యి చాకలామె రెండు చేతులు పట్టుకునె.

తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాన్నం. అప్పుడు పొయ్యి ముట్టించె మా అమ్మ. జొన్న సంగటి, పుండికూర పప్పు, ఉల్లిగడ్డ కారం. దస్తగిరి మామను, వాళ్లింటామెను మా ఇంటికే రమ్మని కబురు పంపె. ఆ కాలంలో మా పంచలో సాయిబులు మాతో ఒగే వరసలో కూచోని తినడం నేనెరగను. మా జేజి గొణిగింది. "నువ్వు గమ్మునుండు అత్తా," అనింది మా అమ్మ. ఆ మాట మా అమ్మ నోట ఇంటానని నేను కల్లో కూడా అనుకోల్యా!

వరసగా కూచున్న్యారు. మా ఇంట్లో ఎప్పుడైనా మా నాయన కంచంతోనే వడ్డన మొదలు. ఆయన చేయి కడుక్కోని ఎదురుచూస్తాండాడు. మా అమ్మ సంగటిబాన ఎత్తుకోని ఆయన్ను దాటుకోని నేరుగా కడాకు పాయ.

"ఈ పొద్దు కిందినుంచి పారిస్తా," అనె.

ముందు దస్తగిరి మామకు, వాళ్లింటామెకు. మళ్ల ఓబులేసు మామకు. మళ్ల నాకు. మా నాయన దగ్గరికి వచ్చేసరికి పప్పు అడుగంటింది. గంటెతో గీకి గీకి వేసింది.  దస్తగిరి మామ మొదటి ముద్ద చేతిలో పట్టుకోని అట్టనే కూచున్న్యాడు. "తినన్నా, సల్లారిపోతాది," అన్న్యాడు మా నాయన. అప్పుడు తిన్న్యాడు ఆయప్ప. మా అమ్మ కూడా తన కంచం తెచ్చుకోని, మొగోళ్ల ముందర, మా నాయన పక్కనే చతికిలబడె.

నీ కంచంలోకి పారేది నీ వంతే కావాల పాపా, ఇంగొకరిది వద్దు. సల్లగా బతుకు. అందరం ఒగే వరసలో తింటిమి... ఆ ఉల్లిగడ్డ కారం రుచి మాత్రం పాపా, ఇప్పటికీ...