సైరన్ మోగించని ఓబులేసు గారు

2003 మార్చి 9వ తేదీన శ్రీ ఓబులేసు గారు జెద్దా శివారులోని మన రిసార్టులో ఈతకొలనుల టెక్నీషియన్‌గా బాధ్యతలు స్వీకరించారు. ప్రొద్దుటూరులో రసాయనశాస్త్ర పట్టభద్రులై, మంచినీటి శుద్ధి కేంద్రంలో కొంతకాలం పనిచేసి వచ్చిన వారికి అప్పట్లో అప్పగించింది ఒకే ఒక్క కొలను. దాని చుట్టూ కొన్ని గదులు, ఖర్జూరపు చెట్లు తప్ప మరేమీ ఉండేవి కావని పాతవారు చెబుతారు.

అటు తరువాత పిల్లల ఆటల పార్కు వచ్చింది. జారుడు గొట్టాలు, అలల కొలను, పసివారి చిరుకొలను, స్త్రీలకు ప్రత్యేకంగా ఎత్తయిన గోడల నడుమ మరొకటి ఏర్పడ్డాయి. అడుగున పడిన రియాల్ నాణెం మీది అంకె గట్టు మీద నుంచి కనబడితే తప్ప ఓబులేసు గారు ఎవరినీ నీళ్ళలోకి దిగనిచ్చేవారు కారు. ఇసుక తుఫాను మర్నాడు అతిథులు కోపగించుకున్నా, యాజమాన్యం తొందరపెట్టినా ఆ నియమం సడలలేదు. సూపర్‌వైజరుగా, ఆపై కొలనుల విభాగాధిపతిగా వారికి లభించిన పదోన్నతులు ఆ పట్టుదలకు దక్కిన గౌరవాలే.

నేను అతిథి సేవల విభాగంలో చేరింది 2021లో. మైకులో ప్రకటనలు చేయడం నా పని. ఆ మరుసటి సంవత్సరం ఈద్ సెలవుల్లో జరిగినది ఇప్పటికీ మరువలేను.

ఆ సాయంత్రం అలల కొలను నిండా పిల్లలే. మైకు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఓబులేసు గారు తడి తువాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చారు. కళ్ళు ఎర్రబారి ధారగా కారుతున్నాయి. రసాయనాలు తెచ్చిన ట్యాంకరు డ్రైవరు యాసిడ్ గొట్టాన్ని పొరపాటున క్లోరిన్ ద్రావణపు తొట్టికి తగిలించాడని, పంపుల గది విషవాయువుతో నిండిపోయిందని, స్పృహ తప్పిన మన సహోద్యోగి బాలన్నను బయటికి లాక్కొచ్చి అంబులెన్సుకు కబురు చేశామని ఆయాసపడుతూనే చెప్పారు. నా చెయ్యి తనంతట తానే సైరన్ మీట మీదికి వెళ్ళింది. వారు ఆపారు.

“వద్దమ్మా. సైరన్ ఇంటే అందరూ మెయిన్ గేటుకే పరిగెత్తుతారు. పంపుల గది ఉండేది ఆడనే. గాలి గూడా ఆ పక్కకే పోతాంది. ఉత్తరం గేటుకాడ ఐస్‌క్రీం ఊరికే ఇస్తాండామని చెప్పు.”

 నీళ్ళ విషయంలో ఎవరి కోసమూ ఒక్క అబద్ధమాడని మనిషి నోట ఆ మాట! నేను మైకు అందుకుని మాటలు కూడబలుక్కుంటున్నాను. వారే దాన్ని తీసుకుని, తువాలు తొలగించి, ఇంటికి భోజనానికి పిలిచినంత నింపాదిగా, సీమ యాస నిండిన అరబ్బీలో ఉత్తరం గేటు దగ్గర ఐస్‌క్రీం ‘బలాష్’ అని ప్రకటించారు. బలాష్ అంటే ఉచితమని ఈ దేశంలో పసివాళ్ళకు కూడా తెలుసు. అలలు ఆగాయి. పిల్లలు కేరింతలు కొడుతూ నీళ్ళలోంచి లేచి పరుగు తీశారు. తల్లిదండ్రులు నవ్వుకుంటూ వారి వెంట నడిచారు. చూస్తుండగానే కొలను ఖాళీ అయింది.

ఎవరి అనుమతితో ఈ పంపకమని మందలించడానికి మైకు గదికి వచ్చిన జనరల్ మేనేజరు, ఖాళీగా ఉన్న ప్రధాన ద్వారం దగ్గర నేలబారుగా పాకుతున్న లేతపచ్చటి పొగను కిటికీలోంచి చూసి, అక్కడి బల్ల మీద కూలబడ్డారు.

నేను ఓబులేసు గారి వెంట ఉత్తరం గేటుకు వెళ్ళాను. అయిదేళ్ళ పాప ఒకతె “తాతా” అంటూ ఎదురొచ్చింది. వెనుకనే వారి సతీమణి ఇంద్రజ గారు. వారిద్దరూ అంతవరకూ ఆ కొలనులోనే ఉన్నారని నాకు తెలియదు. మైకు పట్టుకున్నప్పుడు ఓబులేసు గారికి తెలుసు. 

జరిగినదంతా ఇంద్రజ గారు విన్నారు. “మాకన్నా ఒక మాట చెప్పకూడదా?” అన్నారు.

“నీకు చెప్పింటే పాపనెత్తుకొని మెయిన్ గేటుకే ఉరుకుతాంటివి. నిన్ను జూసి జనమంతా నీ ఎనకాలే వచ్చుందురు.”

 ఆమె పాప తువాలుతో వారి ముఖం తుడిచారు.  అప్పుడు ఓబులేసు గారు నేల మీద కూర్చుని, మనవరాలిని గుండెకు హత్తుకుని, మా అందరి ఎదుటా ఏడ్చారు.

బాలన్న కోలుకుని తిరిగి విధులలో చేరారు. ఓబులేసు గారి కంఠం మాత్రం నాటి నుంచి బొంగురుగానే మిగిలిపోయింది. వారు యాసిడ్‌కూ క్లోరిన్‌కూ వేర్వేరు గదులు కట్టించి, ఒకదాని గొట్టం మరొకదానికి పట్టకుండా మూతులు మార్పించిన తరువాతే వైద్యుల వద్ద పూర్తి చికిత్సకు ఒప్పుకున్నారు. అటువంటి వారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారన్న వార్త మమ్మల్ని ఇంకా తేరుకోనివ్వడం లేదు.

ఇంద్రజ గారు తోడుగా, ఏ ఘాటూ సోకని చల్లని గాలిని గుండెల నిండా పీల్చుకుంటూ, శ్రీ ఓబులేసు గారు సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్ళు వర్ధిల్లాలని, ఆ సాయంత్రం వారి మాట నమ్మి నవ్వుతూ నడిచివెళ్ళిన, నేటికీ వారి పేరైనా తెలియని ఆ పిల్లలందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

— సుప్రజ, అతిథి సేవల విభాగం