అమ్మ ఈత, అన్నయ్య డ్రోన్

హలో… ఆ, నేనే అన్నయ్యా. ఇంకా చెరువు దగ్గరే ఉన్నాం.

లేదు, అమ్మ దాటలేదు… చెప్తున్నా, ఆగు. ముందు నీ డ్రోన్ సంగతి. పోయింది.

పోయిందంటే పోయింది. నీళ్లలో.

…నేనేం చేయలేదు. ఈదుతున్న అమ్మని వీడియో తీస్తూ పైనే చక్కగా ఎగురుతోంది. ఉన్నట్టుండి ఓ రెక్క ఆగిపోయింది. గిర్రున తిరిగి రాయిలా పడింది. రిమోట్‌లో ఏది నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

— బ్యాటరీ నిండుగానే ఉంది.

— అన్నయ్యా, ఆ రెక్క చప్పుడు తేడాగా ఉందని నిన్ననే చెప్పాను. ఏం కాదు, ఎగరెయ్యి అన్నదెవరు?

…సరే, ఆ గొడవ తర్వాత. నా బాధ డ్రోన్ గురించి కాదు. అమ్మ గురించి.

— బాగానే ఉంది, కంగారుపడకు. తువ్వాలు కప్పుకుని వేడినీళ్లు తాగుతోంది.

ఏమైందంటే… అవతలి ఒడ్డు ఇక ఎంతో లేదు. కోచ్ పడవలోంచి 'వచ్చేశారమ్మా, వచ్చేశారు' అని కేకలేస్తున్నాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత, డాక్టర్ చెప్పాడని భయంభయంగా ఈత మొదలుపెట్టిన మనిషి, చెరువు దాటేస్తోంది. సరిగ్గా అప్పుడు పడింది నీ డ్రోన్, ఆవిడ వెనకాల.

ఏం చేసిందనుకున్నావ్?

…ఆ. దానికోసం వెనక్కి తిరిగింది.

వదిలెయ్యమ్మా అని ఇవతల నుంచి గొంతు చించుకున్నా. మునిగింది, లేచింది, మళ్లీ మునిగింది. నీళ్లు మింగి దగ్గుతుంటే కోచ్ పడవలోకి లాగేశాడు. పడవెక్కితే దాటినట్టు కాదట.

ఇన్నాళ్ల కష్టం… ఒళ్లు మండిపోయింది నాకు. ఒడ్డుకి రాగానే అడిగా, ఆ ప్లాస్టిక్ ముక్క కోసం ఎందుకమ్మా అని. ఏమందో తెలుసా?

'వాడు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. నా కోసమని ఇచ్చాడు కదే' అంది.

…

అన్నయ్యా? అమ్మకి ఫోనివ్వాలా?

…ఇస్తానుండు. అమ్మా, అన్నయ్య మాట్లాడతా— అమ్మా?

అదిగో, మళ్లీ ఈత టోపీ పెట్టుకుంటోంది… అవును, మళ్లీ దిగుతుందట. ఇవాళే. కోచ్ నాడి చూశాడు. పడవకి దూరం పోనంటే సరేనన్నాడు. నేను వద్దంటే వినట్లేదు. నువ్వు చెప్తే వింటుంది. స్పీకర్ పెట్టాను, చెప్పు.

…

అదేంటి అన్నయ్యా, ఆపమని ఫోనిస్తే 'దాటెయ్యమ్మా' అంటావ్?

…నవ్వుతోంది. దిగిపోయింది కూడా. నేనూ పడవెక్కుతున్నా.

— వీడియోనా? ఈ ఫోన్‌తోనా? నీళ్లలో ఇవాళ్టికి ఒకటి వేశాం, చాలు. పెట్టేస్తున్నా.