వేడినీళ్లకు లొంగని ఉప్పు

“పెద్దమ్మా, సోమవారం నుంచి నేను టీచరుగ బడికి పోవాలె. ఎనిమిదో తరగతికి సైన్సు. మొదలు చేయించేది ఉప్పు, చక్కెర కరిగించుడే. మీ రూతు టీచర్ ముచ్చట చెప్తవు చూడు, అది ఒకసారి చెప్పు. రికార్డు చేసుకుంట.”

రూతుదా? చెప్త. ఫోను జెర ఇవతల పెట్టు స్రవంతీ, ఛాయ్ ఒలికిందంటే మీ ఆయన నన్నంటడు.

ఎప్పుడంటే... నేను రిటైరైన యేడు. కాదు కాదు, దానికి ముందు యేడు. కొల్లూరుల ఆ పెద్ద కాలనీకి జనం దిగుతున్నరు అప్పుడు. నేను లెక్కలు చెప్తుంటి, రూతు సైన్సు. జోగిపేట నుంచి రోజూ బస్సుల వచ్చేది. చిన్న మనిషి, గొంతు మాత్రం చర్చిల పాటలు పాడే గొంతు గదా, చివరి బెంచీ దాకా పోయేది. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న, ఆమె ఒక్కనాడు అరవలే.

ఒకనాడు ద్రావణి అంటే ఏందని అడిగింది. అందరు పుస్తకం తిరగేసిండ్రు. “సాల్వెంట్” అన్నది. అంతే, క్లాసంత చేతులు లేపింది. మన దిక్కు మందుల కంపెనీలకు పోయే ట్యాంకర్ల మీద అదే రాసుంటది గదా, పిల్లలు పుస్తకం కంటె ముందు ట్యాంకరు చదువుతరు. లక్డారం పిల్ల స్వరూప అని ఉండె. వాళ్ల నాయిన మందుల కంపెనీల పని. ఆ పిల్ల లేచి, “మా బాపు అంగీ వాసన టీచర్” అన్నది. అందరు పక్కుమన్నరు. రూతు నవ్వలే. “కరెక్టే. అది అక్కడ ఏం పని చేస్తదో మీ బాపుని అడిగి రా” అన్నది.

తెల్లారి ఆ పిల్ల వచ్చి చెప్పింది. మందు పొడి నీళ్లల్ల కరగదట, సాల్వెంటుల వేసి వేడి చేస్తే కరుగుతదట, చల్లగ చేస్తే మళ్ల పలుకులు పలుకులై అడుక్కు దిగుతదట. ఇంక చూడు, మగపిల్లలు “మేం సీసాల తెస్తం టీచర్, మా నాయిన కూడ ఆడనే” అని మొదలుపెట్టిండ్రు. “తెచ్చిండ్రంటే మీతోని పాటు నన్ను గూడ పోలీసులు తీస్కపోతరు, మంచినీళ్లు తెండ్రి చాలు” అన్నది.

నీళ్లు, మంచినూనె, సూది వేసే ముందు రుద్దుతరు చూడు ఆ స్పిరిటు, ఇవే పెట్టింది. స్పిరిటును పొయ్యి దిక్కు రానియ్యలే, కిటికీ కాడ ఆమె చేతులనే. కర్పూరం నీళ్లల్ల వేస్తే పైన తేలుకుంట కూసున్నది, స్పిరిటుల వేస్తే మాయం. ఉప్పేమో నీళ్లల్ల మాయం, నూనెల మాత్రం వేసింది వేసినట్టే. ఒకదాన్ని కరిగించేది ఇంకోదాన్ని ముట్టనే ముట్టదు. నేను లెక్కల క్లాసు ఇడిసిపెట్టి ఆ కిటికీ కాడనే నిలబడ్డ. ముప్పై ఏండ్లు సైన్సు క్లాసుల పక్క గదులల్లనే ఉన్న గని ఒక్కసారి గట్ల చూడలే.

ఇగ అసలు సంగతి. సంగారెడ్డిల సైన్సు ఫేరు. మా బడి తరఫున ఈ కరిగించుడే పెడదామన్నరు, బల్ల కాడ నిలబడి చెప్పేది స్వరూప అని రూతు పేరిచ్చింది. ఆ పిల్లను అప్పటిదాక దేనికీ పిలిచినోళ్లు లేరు. పాటకు లేదు, ఆటకు లేదు. వాళ్లమ్మ జడకు కొత్త రిబ్బన్లు కొన్నదట, పిల్ల రోజూ బడికి తెచ్చి మాకు చూపిచ్చుడు, మళ్ల సంచిల పెట్టుకునుడు.

మా బళ్లె రివాజు ఏందంటే, ముందు ఫ్లెక్సు, తర్వాత ప్రయోగం. నవ్వకు, అన్ని బళ్లల్ల అంతే. హెడ్‌మాస్టర్ సార్ మంచోడే, ఉత్సాహం ఎక్కువ. పటాన్‌చెరు పోయి గోడంత ఫ్లెక్సు కొట్టిచ్చుకొచ్చిండు. “నీరు ఎంత వేడెక్కితే ఉప్పు, చక్కెర అంత ఎక్కువ కరుగుతాయి.” కింద పొగలు కక్కే గ్లాసు బొమ్మ. దాని మీద అన్నిటికన్న పెద్ద అక్షరాలు సార్ పేరువి అనుకో, అది వేరే ముచ్చట.

ఫ్లెక్సు కట్టినంక పిల్లలు చేసిండ్రు. చెంచా మీద స్కేలు పెట్టి గీకి, సమానం కొలత. మధ్యాహ్నం అన్నం వండే పొయ్యి మీద నీళ్లు కాగబెట్టిండ్రు. చక్కెరనేమో వేడినీళ్లు పోసిన కొద్ది మింగుతనే ఉన్నయి. ఉప్పు మాత్రం... చల్లటి నీళ్లల్ల ఎంత కరిగిందో, వేడిల కూడ ఇంచుమించు అంతే. ఇంకో అర చెంచా ఎక్కువేమో. మిగిలింది అడుగున తెల్లగ కూసున్నది, కలిపితే లేస్తది, మళ్ల కూసుంటది.

ఉప్పు అంటె యాదికొచ్చింది, మా అమ్మమ్మ కాలంల ఉప్పుబండి ఊర్లెకొస్తే పైసలు ఎవరిచ్చేటోళ్లు, జొన్నలు కొలిచి పోసేటోళ్లు. గల్లుప్పు, గింతంత గింతంత గడ్డలు. అది కరగాలంటే పొద్దు గూకేది. సరే. ఏం చెప్తున్న? ఆ, సార్.

సార్ వచ్చి, “నీళ్లు సరిగ్గ కాగలే” అన్నడు. కాగబెట్టిండ్రు. “ఉప్పు మంచిది కాదు, ఇంకో కంపెనీది తెండ్రి” అన్నడు. తెచ్చిండ్రు. అదీ అంతే. స్వరూప మెల్లగ, “సార్, వేడిల జల్దీ కరిగింది. ఎక్కువ కరగలే” అన్నది. జల్దీ వేరు, ఎక్కువ వేరు! మీ పెదనాయిన గొంతు పుక్కిలించనీకి మరిగే నీళ్లే కావాలని నన్ను పరేషాన్ చేసేటోడు, చల్లటి వాటిల ఉప్పు కరగదట. ఆయనుంటే ఆ పిల్ల ముందల కూసోబెడుదును.

రూతు సార్‌తోని కొట్లాడలే. చెంచా చేతికిచ్చింది. “మీరే కలపండి సార్.” సార్ చెమటలు పట్టేదాక కలిపిండు. ఉప్పు అడుగునే ఉన్నది. చెంచా కింద పెట్టి ఏమన్నడో తెలుసా? “అయితే అయింది మేడమ్, ఫ్లెక్సు అయిపాయె గదా. రేపే ఫేరు. దాని మీద ఏమున్నదో అదే చెప్పాలె. స్వరూప చెప్పనంటే నవ్య చెప్తది.”

నవ్య మా క్లాసు ఫస్టు. పుస్తకం మూసి కామాలు, ఫుల్‌స్టాపులతోని అప్పజెప్తది. స్వరూప మొఖం చూడలేకపోయిన. పొద్దున సంగారెడ్డి బస్సెక్కుతదా లేదా అనేది ఆ ఒక్క మాట మీద ఉన్నది. “చెప్త సార్” అంటె అయిపోతుండె. అనలే. రిబ్బన్ల సంచి గట్టిగ పట్టుకొని నిలబడ్డది.

రూతు అన్నది, “నవ్య కూడ కలిపింది సార్, ఆమెనే అడుగుండ్రి.” నవ్య అటు చూసింది, ఇటు చూసింది. “నాకు గూడ కరగలే సార్” అన్నది. ఇగ సార్‌కు పిల్లలే మిగల్లే. “ఎవరన్న ఒకరు నిలబడుండ్రి తీ!” అని చేతులు దులుపుకుంట పోయిండు.

ఆడపిల్లలకు తోడు కావాలని నేను గూడ పోయిన. పెద్ద హాలు, ఇంతమంది జనం. స్వరూప రెండు జడలకు రిబ్బన్లు, వెనుక గోడంత ఫ్లెక్సు. బల్ల మీద నాలుగు గ్లాసులు, ఫ్లాస్కుల వేడినీళ్లు. సార్ ఆ పిల్ల చెవుల ఆఖరిసారి చెప్పిండు, “ఉన్నది ఉన్నట్టు చదువు బిడ్డా, మంచిగుంటది.” రూతు దూరంగ నిలబడ్డది. నేనైతే చెయ్యి పట్టుకొని పదిసార్లు చెప్పేదాన్ని.

మార్కులు వేసేటాయన వచ్చిండు, కాలేజీల లెక్చరరట. ఫ్లెక్సు చదివిండు, “గుడ్” అన్నడు, పక్క బల్ల దిక్కు మళ్లిండు. అక్కడ ఏందో లైట్లు వెలుగుతున్నయి.

“సార్, అది చదివి పోకుండ్రి! అది మేం చేయకముందు రాసింది.”

స్వరూప మాటకు హాలంత ఇటు తిరిగింది. మా సార్ నేల దిక్కు చూస్తున్నడు. లెక్చరర్ వెనుకకు వచ్చిండు. పిల్ల చెంచా ఆయన చేతుల పెట్టింది, సమానంగ కొలిచి నాలుగు గ్లాసులల్ల పోయించింది, కలిపిచ్చింది. చక్కెర వేడిల మాయం, చల్లటి దాంట్ల కుప్ప. ఉప్పు రెండిట్ల కింద కూసున్నది, అక్కాచెల్లెండ్ల లెక్క. ఆయన గ్లాసు లేపి వెలుగుకు పెట్టి చూసిండు.

“ఎందుకట్ల?”

“తెల్వదు సార్. మా టీచర్ ఇంకా చెప్పలే. కానీ కరగలే.”

తెల్వదు అన్నది బిడ్డా! అంతమందిల! నేను నా నౌకరీల ఆ మాట ఎవరి నోటెంట గట్ల గట్టిగ వినలే. ఆయన నవ్వలే, మెచ్చుకోలే. ఇంకో చెంచా ఉప్పు వేసి మళ్ల కలిపిండు, తనకోసమే. దానంత పెద్ద మెచ్చుకోలు ఏముంటది?

ప్రైజా? లైట్ల బల్లకు పోయింది. బస్సుల మా సార్ ముందు సీట్ల కూసున్నడు. ముత్తంగి దాటినంక వెనుకకు తిరిగి, “స్వరూపా, ఆ ఫ్లెక్సు పారేద్దామా?” అన్నడు. “వద్దు సార్” అన్నది. తెల్లారి మార్కరు తెచ్చి, ఉప్పు అనే మాట మీద గీత గీకి, పక్కకు “ఉప్పు మాత్రం కొంచెమే ఎక్కువ” అని రాసింది. సార్ కుర్చీ పట్టుకొని నిలబడ్డడు, ఆమె ఎక్కనీకి. ఇప్పటికీ ఉన్నదట, సైన్సు గదిల. ఆ యేడు నుంచి సార్ ఫ్లెక్సుకు పోయే ముందు “చేసిండ్రా?” అని అడుగుతడట.

రూతుకు బదిలీ అయింది. స్వరూప ఇంటర్ల ఎంపీసీ తీసుకున్నది అన్నరు... ఏమో, బైపీసీనో. అడగాలె.

నువ్వు పో బిడ్డా, మంచిగ చెప్పు. నీ తప్పు నీ మొఖం మీదనే చెప్పే పిల్లలు నీకు దొరకాలె, వాళ్లు చెప్తే వినే చెవులు దేవుడు నీకియ్యాలె. ఇగ ఆ ఫోను బంజెయ్యి. అయ్యో, ఛాయ్ చల్లగైపోయె, చక్కెర అంత అడుగునే ఉన్నది చూడు... ఇటియ్యి, జెర వేడి చేసి తెస్త.