శవం లేని శోకం

హలో… ఆ, నేనేనమ్మా ఇసిడోరా, రాదొసావ్‌ని. … ఇంకెవరెత్తుతారు, మా గొర్రెలా?

… మా పక్కింటి సావ్కా కబురందిందా? మంచిది.

… పాసయ్యావట గదా. … ఊఁ. సంతోషం. మనుషుల పద్ధతుల మీద కూడా అంత పెద్ద చదువుంటుందని నాకేం తెలుసు? నేను బడికెళ్లింది మూడేళ్లు.

… గొర్రెలు బాగానే ఉన్నాయి. గొర్రెల కోసం ఫోన్ చెయ్యమన్లేదు నిన్ను.

మా ద్రగిన్యా మంచం దిగడంలేదు. … మంచు కరిగిన కాణ్ణుంచి. … తినదు. మొక్కజొన్న సంకటి కలిపి పెట్టా, ముట్టలేదు. సరే, నా వంట అట్లాంటిదే. పాలైనా తాగాలి గదా?

… జ్వరం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. … లేదు, వినపడదులే. పాకలోకొచ్చి మాట్లాడుతున్నా.

ఒకటడుగుతా, ఉన్నదున్నట్టు చెప్పు. సావ్కా మేనల్లుడు మీ కాలేజీలోనే చదువుతున్నాడు గదా. మా ఆవిడ శోకాలు పాడిన రికార్డు క్లాసులో వినిపించారన్నాడు. … వినిపించారా, లేదా?

… అయితే పాడింది.

… ఎవరికి? … ఎవరు పోయారని పాడిందీ? నువ్వు మా ఇంట్లో ఉన్న చలికాలమంతా ఊళ్లో ఒక్క పీనుగ లేవలేదు.

… ఆగాగు. శవం లేకుండా పాడకూడదని మొదటిరోజే నీకు చెప్పింది. నా ముందే. పాడిన ఇంటికే చావొస్తుందని. నువ్వు రాసుకున్నావు గూడా.

… నువ్వు నమ్మకపోతే ఏం, ఆవిడ నమ్ముతుంది. పోయినవాళ్ల పేరు పెట్టకుండా శోకం రాదు. ఎవరి పేరు పెట్టింది?

… చెప్పు.

… తన పేరే?

… ఏడవకు. మాట తెలియడంలేదు. … చెరిపెయ్. ఇప్పుడే. ఫోన్ ఆవిడ చెవిదగ్గర పెడతా, చెరిపేశానని చెప్పు. లేచి కూచుంటుంది. … ఎందుక్కాదు? పరీక్ష అయిపోయింది గదా! మంచమిచ్చాం, తిండిపెట్టాం, అడిగిందానికల్లా జవాబు చెప్పాం. ఇక మా చావు గూడా కావాలా నీ చదువుకి?

… ఏంటీ?

… ఆవిడే పాడతానందా.

… ఆసుపత్రికెప్పుడు వెళ్లారు మీరిద్దరూ? … ఉన్ని అమ్ముకొస్తామనే గదా చెప్పారు నాకు.

… కడుపులో గడ్డా.

… కోసి తీసెయ్యరా అది? … ఊఁ. … ఊఁ. అప్పటికే అంత దూరం పోయిందా.

… ఒట్టేయించుకుందా. నాకు చెప్పొద్దని… నాకు.

… అవును. అదీ నిజమే. ఈ కొండమీద శోకం పాడేది ఇక ఆవిడొక్కతే. మా అమ్మని ఆవిడే సాగనంపింది, తన అన్నని ఆవిడే. ఇక ఆవిడకెవరు పాడతారు? సావ్కాకి చర్చిపాటే సరిగ్గా రాదు.

… అట్లా అన్నదా? కుక్కని పూడ్చినట్టు పూడుస్తారనా.

… నా గురించేమైనా ఉందా, దాంట్లో? … వద్దు! వినిపించకు! ఊపిరితో ఉన్న మనిషి. … నీ నోటితో చెప్పు, మామూలుగా.

… గుండీ ఊడితే కుట్టుకోవడం రాదనా? … అది గూడా క్లాసులో విన్నారా అందరూ? … నవ్వారా?

… నవ్వలేదా. ఊఁ.

… లేదు, చెరపొద్దు. ఉండనీ.

… రా. పొద్‌గోరిత్స నుంచి రేపటి బస్సుకే రా. మామూలుగా, చూడ్డానికొచ్చినట్టు. నాకు తెలిసిందని ఆవిడకి తెలియకూడదు. ఒట్టు నిలుపుకున్నావనే అనుకోనీ.

… ఆ, ఆ రికార్డు గూడా తీసుకురా. కానీ నా గడప దాటించకు. సావ్కా ఇంట్లో పెట్టు. నేను కబురు పంపాకే బయటికి తియ్యాలి.

… ఏమో. ఎన్నాళ్లో నాకేం తెలుసు?

… అంత చిన్నదా? జేబులో పట్టేదా? … చాలదు. శ్మశానం దగ్గర గాలెక్కువ, మాటే వినపడదు. … ఆ, స్పీకరు. పెళ్లిళ్లకి పెడతారే, అట్లాంటిది. పెద్దది తీసుకురా.

పెట్టేస్తున్నా.