పదకొండు కార్డులు

1971. కలకత్తా, భవానీపూర్‌లో ఒక సరుకు రవాణా కంపెనీ ఆఫీసు మెట్లు. శనివారం మధ్యాహ్నం. కంప్యూటరు సెక్షన్లో ప్రోగ్రాములు రాసే సత్యరాజు, అక్కడే ఆ ప్రోగ్రాముల్నీ పేర్లనీ అట్టకార్డుల మీద పంచ్ చేసే అతని మేనమామ కూతురు డోర్కాస్.

“బల్ల కిందా చూశాను బావా, బీరువా ఎనకా చూశాను. ఊడ్చే కాసులమ్మని బతిమాలి చెత్తబుట్టలు కూడా బోర్లించాను. ఆ పదకొండు కార్డులూ ఎక్కడా లేవు.”

“పోనీలే డోర్కాసూ. మూడు రోజుల్నించీ అదే గోల.”

“పోనీలే ఏటి? నా చేతిలోనే పోయాయన్నావు కాదేటి?”

“నీ చేతిలో అని నేనన్నానా?”

“అన్నావు. ‘నకలు తీయమని పంచింగ్ గదికి పంపాను, అక్కడ జారిపోయుంటాయి’ అన్నావు. ఆ గదిలో ఆ కట్ట ముట్టుకున్నది నేనొక్కర్తినే.”

“ఆస్తే, ఆస్తే. మెల్లిగా. అందరూ వింటున్నారు.”

“ఇననీ. తెలుగు ఈళ్లకేటి తెలుస్తాది?”

“పద, కిందకెళ్లి చా తాగుదాం.”

“నాకు చా ఒద్దు. నాన్న రెండ్రోజులై అన్నమే ముట్టలేదు, నాకు చా దిగుతాదా? పన్నెండేళ్లు బావా. పన్నెండేళ్లు మన కంపెనీ షాలిమార్ గోదాముల్లో బస్తాలు మోశాడు. ఈ ఏడు పర్మనెంటు చేస్తారని కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. లిస్టు చూస్తే ‘బి. ఆదాము’ అని ఒక్కటే పేరు. బొడ్డు ఆదాము, బెవర ఆదాము, బొంతు ఆదాము... ముగ్గురూ వెళ్లి నిలబడ్డారు. ‘ఒక్క మనిషికి మూడు పేర్లు రాయించి దొంగ హాజరు వేస్తున్నారా’ అని ఇద్దర్ని గేటు బయటికి గెంటేశారు. అందులో నాన్న ఒకడు.”

“తెలుసు. మావయ్య సంగతి నేను చూస్తానన్నాను కదా.”

“ఎప్పుడు చూస్తావు? సోమవారం లిస్టు మీద సంతకాలైపోతాయంట. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా మార్చరంట.”

“చూస్తానన్నానా లేదా?”

“అన్నావులే. ఆర్నెల్ల కిందట కూడా చాలా అన్నావు. ‘అయిదు ప్రోగ్రాములున్నాయి డోర్కాసూ, అయిదింట్లోనూ అవే ముక్కలు. తేదీల ముక్క అయిదుసార్లు, వయసు లెక్క అయిదుసార్లు, పేర్ల ముక్క అయిదుసార్లు. ఒక్కోటీ మెల్లిగా బయటికి తీసి ఒక్క పెట్టెలో పెడతాను. అయిదు ప్రోగ్రాములూ ఆ పెట్టెలోంచే వాడుకుంటాయి. దాన్నే లైబ్రరీ అంటారు’ అన్నావు. నాన్నేమో లైబ్రరీ అంటే పుస్తకాల గది అనుకుని, తెలుగు బైబిలు ఉంటాదేమో అడగమన్నాడు.”

“అవును, నవ్వుకున్నాం.”

“ఒకచోట సరిచేస్తే అయిదుచోట్లా సరవుతాది అన్నావు. ఒకచోట చెడితే అయిదుచోట్లా చెడుతాదని అప్పుడు చెప్పలేదు.”

“ఆరే బాబా, నన్నంటావేటి? కార్డులు పోతే నేనేం చేస్తాను?”

“అసలు ఆ పదకొండు కార్డులు ఎందుకు రాశావో గుర్తుందా?”

“గుర్తుంది.”

“చెప్పు.”

“ఎందుకిప్పుడు...”

“నేను చెప్తాను. బెంగాలీ వాళ్లకి ఇంటిపేరు ఆఖర్న, మనకి ముందు. మెషీను ఆఖరి మాట ఉంచుకుని ముందుదాన్ని ఒక్క అక్షరం చేసేస్తాది. బిమల్ ముఖర్జీ బి. ముఖర్జీ అయితే నష్టం లేదు. మన బొడ్డోళ్లు, బెవరోళ్లు, బొంతోళ్లు అందరూ ‘బి’ అయిపోతే ఎవరెవరో తెలీదు. కూలీలకి నంబరు కూడా లేదు, పేరే గుర్తు. అందుకని జీతాల ప్రోగ్రాములో ‘తెలుగు పేరైతే ఇంటిపేరు కొయ్యకు’ అని పదకొండు కార్డులు నువ్వు రాశావు, నేను పంచ్ చేశాను. ఆ ముక్క లైబ్రరీ పెట్టెలోకి మారేదాకా, మూడేళ్లు ఒక్క పేరు తప్పు పోలేదు.”

“అవును. అవే పోయాయి. పాపం, నీ తప్పు కాదులే, పొరపాటు.”

“బావా, ఇందాక నువ్వు తిండికి వెళ్లినప్పుడు లైబ్రరీ పెట్టె తెరిచాను.”

“తెరిచావా? ఎవర్నడిగి?”

“ప్రతి కార్డు మూలా ఒక నంబరుంటాది కదా. పెట్టె కట్టేశాక, నకలుకి నా దగ్గరకి పంపే ముందే, ఆ నంబర్లు నీ చేత్తో కొట్టావు. ఆ పని నాకివ్వలేదు.”

“అయితే?”

“పదకొండు కార్డులు జారిపోతే మధ్యలో పదకొండు నంబర్లు పోవాలి. పోలేదు. ఒకటి నించి రెండొందల పద్నాలుగు దాకా వరసగా ఉన్నాయి. రెండుసార్లు చూశాను.”

“నువ్వు... ఎక్కడో తప్పు చూసుంటావు.”

“రోజుకి వెయ్యి కార్డులు చూసేదాన్ని. తప్పు చూశానా?”

“డోర్కాసూ, విను...”

“ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నంబర్లు పట్టేశాయి. ఆ కార్డులు ఆ పెట్టెలోకి వెళ్లనే లేదు కదా బావా?”

“మన సెక్షన్ హెడ్డు, తాలుక్దార్ బాబే వద్దన్నాడు.”

“ఎందుకంట?”

“‘లైబ్రరీలో అందరికీ పనికొచ్చేదే ఉండాలి. తెలుగువాడివి కదా అని మీవాళ్లకి వేరే తలుపు పెట్టుకున్నావా’ అన్నాడు. అందరి ముందూ. నాకు సిగ్గేసింది. తీసేశాను.”

“తీసేస్తే మనోళ్ల పేర్లు కలిసిపోతాయని చెప్పలేదా?”

“చెబ్దామనుకున్నాను. సీనియర్ ప్రోగ్రామర్ పోస్టు ఆయన చేతిలో ఉంది. క్వార్టర్ కూడా ఇస్తారు. ఎవరి కోసం? నీ కోసం కాదా? నిన్ను పెళ్లాడి తీసుకొచ్చి మెటియాబ్రుజ్‌లో మా ఇరుకు గదిలో పెట్టనా?”

“నేను మూడు రోజులు నేల మీద పాకాను బావా. లేని కార్డుల కోసం. నా వల్లే నాన్న నోటికాడ కూడు పోయిందని రాత్రంతా ఏడ్చాను. నువ్వు పక్కనే నిలబడి ‘ఆ మూల కూడా చూడు’ అన్నావు.”

“తప్పే. తప్పు చేశాను.”

“సరే. అయిందేదో అయింది. ఇప్పుడు పెట్టేద్దాం. ఆ పదకొండూ నాకు నోటికొచ్చు, పావుగంటలో పంచ్ చేస్తాను. లిస్టు మళ్లీ తీయి. సోమవారం పొద్దున్నే బాబుకి ఇచ్చేద్దాం.”

“ఇప్పుడు పెడితే, ముందు తీసిందెవరని అడుగుతారు.”

“చెప్పు.”

“చెప్పలేను. ఆ దొంగ హాజరు సంగతి మీద నిన్న ఎంక్వైరీ పెట్టారు, అందులో రాసిచ్చేశాను.”

“ఏటని?”

“లైబ్రరీలో తప్పేం లేదని.”

“ఇంకా?”

“అంతే.”

“ఇంకా ఏటి రాశావు బావా? నా కేసి చూడు.”

“పేర్లు పంచ్ చేసిందెవరని అడిగారు. ఎవరు చేశారో అదే రాశాను. అబద్ధం కాదు కదా?”

“నా పేరు రాశావా?”

“ఊరికే పేరే.”

“డోర్కాస్ అనా?”

“...బొడ్డు ఆదాము కూతురు డోర్కాస్ అని.”

“ఓరి దేవుడా! కూతురు కూర్చుని తండ్రికి మూడు పేర్లు పంచ్ చేసిందని చెప్పినట్టు కాదేటి అది? దొంగ హాజరు నిజమే అని నువ్వే సంతకం పెట్టినట్టు కాదేటి?”

“నేనలా రాయలేదు. వాళ్లలా అనుకుంటే...”

“వాళ్లలా అనుకోవాలనే రాశావు!”

“అరవకు. ఆలోచించు. పై నెల పెళ్లయ్యాక నువ్వెలాగూ ఉద్యోగం మానేస్తావు. నీకు పోయేదేటి? నాకైతే మొత్తం పోతుంది. మావయ్యని మన క్వార్టర్లోనే ఉంచుకుందాం, కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు.”

“మానేస్తానని ఎవరన్నారు?”

“అమ్మ అంది.”

“మా నాన్న దొంగ అని పేరు మోసుకుని నీ ఇంట్లో కాలు మీద కాలేసుకుంటాడా? నాన్న కాక ఇంకో ఆదాము కూడా బయటున్నాడు. ఆయన్నే క్వార్టర్లో పెడతావు?”

“ఏం చేస్తావిప్పుడు?”

“తాలుక్దార్ బాబు ఇంకా గదిలోనే ఉన్నాడు. పెట్టె పట్టుకెళ్లి నంబర్లు చూపిస్తాను.”

“పంచింగ్ పిల్ల మాట ఆయన నమ్ముతాడా? పైగా తీయమన్నది ఆయనే.”

“ఆయన నమ్మకపోతే ఆయన పైవాడు. నోరు నాది, కార్డులు నావి.”

“నా పరువు తీయకే. నీకు దండం పెడతాను. రేపు ఆదివారం, చర్చిలో మన పెళ్లి ప్రకటన. మీ అత్తలిద్దరూ వాల్తేరు నించి దిగారు. నలుగురి ముందు నేను తలెత్తుకోవాలా వద్దా?”

“అవును బావా, రేపు మూడో ప్రకటన. ‘ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి’ అని అయ్యగారు అడుగుతారు. రెండు వారాలు ఎవరూ లేవలేదు. రేపు నేను లేస్తాను.”