సగటు వాహనదారుడికి తెలియని తేడా

కంపెనీ వెనక్కి పిలిపించి, పొగ తగ్గించే మరమ్మతు చేసి పంపిన డీజిల్ కారు పక్కన, దాని యజమాని అయిన పెద్దాయనా, సర్వీసు సెంటరు మేనేజరూ నిలబడి ఉన్నారు.

"సాఫ్ట్‌వేర్ మార్చాం, అంతే సార్. నడకలో తేడా తెలియదని కంపెనీ ఉత్తరంలోనే ఉంది."

"చదివాను నాయనా. 'సగటు వాహనదారుడికి తెలియదు' అని ఉంది. నా ఖర్మ కాలి నాకు తెలిసిపోయింది."

"ఏం తెలిసింది సార్?"

"ఆసుపత్రి గుట్ట మీద ఉంది. కాలు విరిగిన మా ఆవిణ్ణి వారానికి మూడుసార్లు తీసుకెళ్లాలి. పోయిన నెల దాకా పరుగెత్తిన కారు ఇప్పుడు సగం దారిలోనే ఆయాసపడుతోంది. వైద్యం ఆవిడకా, కారుకా అని నర్సు అడిగింది."

"మీరు గేరు ఆలస్యంగా మారుస్తున్నారేమో."

"నలభై ఏళ్లు సరిగ్గా మార్చినవాణ్ణి, మీ మరమ్మతు నాడే మరిచిపోయానా? స్టీరింగు నువ్వే పట్టుకో. మీ ర్యాంపు ఎక్కించు, చాలు."

ఇద్దరూ ఎక్కారు. కారు ర్యాంపు మధ్యదాకా వెళ్లి, వణికి, ఆగిపోయింది.

"సార్... ఏమీ అనుకోకండి. మీరొక్కసారి దిగితే బరువు తగ్గి ఎక్కేస్తుంది."

"దానికేం, దిగుతాను. రేపు గుట్ట దగ్గర మా ఆవిణ్ణీ దింపుతాను. ఆ ఎత్తు నడిచి ఎక్కగలిగితే ఇక ఆసుపత్రితో పనేముంది?"

మేనేజరు హ్యాండ్‌బ్రేకు వేసి, తనే కారు దిగాడు.

"ఏమయ్యా, నువ్వు దిగావేం?"

"కారు ఇక్కడే వదిలి వెళ్లండి సార్. మళ్లీ చూస్తాం. తేడా తెలుస్తోంది."

"అయ్యో పాపం! నువ్వూ సగటువాడివి కావన్నమాట."