దారి ఎవరిది?

ఇంటిముందు కాలువమీది వంతెనకు పుచ్చిన తాటిదుంగలు మార్చాలి, మట్టి కప్పాలి, పొద్దువాలేలోగా నొప్పులు పడుతున్న కూతురిని ఏలూరు ఆసుపత్రికి చేర్చాలి. బండి రోడ్డుమీదే ఆగిపోయింది. ఇంటికీ రోడ్డుకీ మధ్యనున్న ఆ కాలువ దగ్గర తండ్రి, రోడ్డు పనులు చూసే బోర్డు మేస్త్రీని పట్టుకున్నాడు.

“మేస్త్రీగారూ, కాలువ తవ్వించింది మీ జిల్లా బోర్డువారు. దానిమీద వంతెనా మీదేనండీ!”

“రోడ్డు మాదండీ. మీ గుమ్మానికి దారి మీదే. దుంగలు మార్చుకోమని నిరుడే చెప్పానుగా?”

“మారిస్తే నాదని ఒప్పుకున్నట్టవుతుందని ముట్టుకోలేదండీ.”

“మేమూ అందుకేనండీ ముట్టుకోనిది.”

“మీ తగువు తేలేసరికి బారసాల కూడా అయిపోతుంది! అమ్మాయిని మంచంతో సహా ఎత్తండి!” అంటూ మంత్రసాని కనకరత్నం చీర ఎగదోపి నడుంలోతు నీళ్లలోకి దిగింది.

తండ్రీ మేస్త్రీ మంచాన్ని చెరోవైపూ ఎత్తి, కాలువ దాటించి బండెక్కించారు.

తల్లీబిడ్డా దక్కారు. వంతెన ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. అది మరిచిపోయినా ఫరవాలేదు గానీ, చదివినవారు కనకరత్నాన్ని మాత్రం గుర్తుంచుకోండి.